ఇన్సూరెన్స్ డబ్బు తీసుకుంటే వికలాంగుల పింఛను రాదా? (ఆటోనగర్, విజయవాడ)

ఆటోనగర్_చిన్నోడు · ఆదివారం, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. మా అన్నయ్య సంగతి అడుగుతున్నా. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

అన్నయ్యకి 41 ఏళ్లు. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. పద్దెనిమిదేళ్లుగా అదే పని. నాలుగు నెలల క్రితం పని ముగించుకుని బండి మీద ఇంటికొస్తుంటే రామవరప్పాడు రింగు దగ్గర టిప్పర్ పక్కనుంచి కొట్టింది. కుడికాలు మోకాలి కింద తీసేశారు. ప్రాణం దక్కింది, అది చాల్లే అనుకున్నాం. ఇప్పుడు ఇంట్లో లెక్కలు మొదలయ్యాయి.

షెడ్డులో పనిచేసేది ఆరుగురే. ఈఎస్ఐ లేదు, పీఎఫ్ లేదు. మూడేళ్ల క్రితం లోన్ తీసుకున్నప్పుడు బ్యాంకు వాళ్లు అంటగట్టిన 10 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటుంది. తిట్టుకుంటూనే ఏటా కట్టాం. ‘ఇక పని చేయలేడు’ అని దానికి క్లెయిమ్ పెడితే, ‘ఇది పూర్తి వైకల్యం కిందకి రాదు, పాక్షికం, 5 లక్షలు ఇస్తాం’ అన్నారు.

ఇంతలో వదినకి ఎవరో చెప్పారట, ‘ఇన్సూరెన్స్ డబ్బు అకౌంట్లో పడిందంటే సర్కారు పింఛను రాదమ్మా, రెండిట్లో ఏదో ఒకటే’ అని. అప్పట్నుంచి వదిన ‘ఆ 5 లక్షలు వద్దే వద్దు, ఎటూ అప్పులకి పోతాయి, నెలనెలా 6 వేలు వస్తే పిల్లల చదువైనా గడుస్తుంది’ అంటోంది. అన్నయ్య ఏమీ మాట్లాడడు. నిజంగా ఏదో ఒకటేనా?

కృష్ణలంక_వాసి · రాత్రి 10:20

తమ్ముడూ, ముందు మీ వదినగార్ని ఆపు. వచ్చే డబ్బు వద్దని రాసిచ్చేరు!

గుంటూరు_టు_డల్లాస్ · రాత్రి 10:41

ఇది పూర్తిగా పుకారేం కాదు. మా దగ్గర అలాగే ఉంటుంది. అమెరికాలో కంపెనీ ఇచ్చే లాంగ్ టర్మ్ డిసెబిలిటీ పాలసీలో జీతంలో 60 శాతం దాకా ఇస్తారు. తర్వాత సోషల్ సెక్యూరిటీ డిసెబిలిటీ మంజూరైతే ఆ మేరకు ఇన్సూరెన్స్ వాళ్లు కోసేస్తారు. పాత నెలల బకాయి ఒకేసారి వచ్చిందనుకోండి, అందులోంచి వెనక్కి కట్టమని ఉత్తరం కూడా పంపిస్తారు. నా కొలీగ్‌కి అదే జరిగింది. పాపం, వచ్చిన బకాయితో ఇంటి అప్పు కట్టేసుకున్నాడు. తర్వాత చూడాలి టెన్షన్.

సచివాలయం_ఉద్యోగిని · రాత్రి 11:05

అన్నగారూ, అది అక్కడి పద్ధతి. అమెరికా వీడియోలు చూసి ఇక్కడివాళ్లు భయపడుతున్నారు. దయచేసి రెండూ కలపొద్దు.

నేను వార్డు సచివాలయంలో పనిచేస్తాను. మా దగ్గర వికలాంగుల పింఛనుకి చూసేవి ఇవీ: సదరంలో (వైకల్యం ఎంత శాతమో ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సర్టిఫికెట్) 40 శాతం, ఆపైన ఉండాలి. కుటుంబ ఆదాయం పట్టణంలో నెలకి 12 వేలు, పల్లెలో 10 వేలు మించకూడదు. మాగాణి 3 ఎకరాల లోపు, మెట్ట 10 ఎకరాల లోపు. కరెంటు సగటున నెలకి 300 యూనిట్లు దాటకూడదు. సొంత కారు ఉండకూడదు (ఆటో, టాక్సీ, ట్రాక్టరు పర్లేదు). ఇంట్లో ప్రభుత్వోద్యోగి గానీ ఇన్‌కమ్‌టాక్స్ కట్టేవాళ్లు గానీ ఉండకూడదు. టౌన్లో అయితే ఇల్లు 1000 చదరపు అడుగుల లోపు.

ఇందులో ‘ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చినవాళ్లు అనర్హులు’ అనే ముక్క ఎక్కడా లేదు. మీ వదినగారికి చెప్పినవాళ్లు ఎవరో గానీ తెలిసీ తెలియక చెప్పారు.

2024 జులై నుంచి వికలాంగులకి 3 వేలు కాస్తా 6 వేలు అయింది. ప్రమాదం వల్లో పక్షవాతం వల్లో పూర్తిగా మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైన వాళ్లకి 15 వేలు. మీ అన్నయ్యకి వచ్చేది 6 వేలదే. ముందు సదరం స్లాట్ బుక్ చేయించండి, అది లేకుండా ఏదీ కదలదు.

ఆటోనగర్_చిన్నోడు · రాత్రి 11:18

అక్కా, చాలా థ్యాంక్స్. ఇది వదినకి చదివి వినిపిస్తా. కానీ ‘పూర్తిగా పని చేయలేడు’ అని మేం రాస్తే ఇన్సూరెన్స్ వాళ్లు పాక్షికం అన్నారు కదా, రేపు సదరం డాక్టర్లు కూడా ఆ కాగితం చూసి అలాగే అంటే?

పాలసీ_మాస్టర్ · సోమవారం, ఉదయం 6:50

ఇరవై రెండేళ్లుగా జనరల్ ఇన్సూరెన్స్ ఏజెంటుని, పటమట. ఈ ప్రశ్న నన్ను కనీసం వందమంది అడిగి ఉంటారు.

సదరం డాక్టరు చూసేది ఒంటిని. కాలు ఎక్కడ తెగింది, ఎంత మిగిలింది, దానికి ఎంత శాతం. నువ్వు వెల్డరువా, కలెక్టరువా అన్నది ఆయనకి అనవసరం. పింఛనుకి ‘పని చేయలేకపోవాలి’ అన్న రూలే లేదు. టీ కొట్టు పెట్టుకున్నా, ఆదాయం హద్దులో ఉంటే పింఛను వస్తుంది.

నీ యాక్సిడెంట్ పాలసీ చూసేది టేబుల్ని. పాలసీ వెనక పేజీల్లో ఉంటుంది చూడు: రెండు చేతులో, రెండు కాళ్లో, రెండు కళ్లో పోతే 100 శాతం, ఒక కాలు పోతే 50 శాతం. నీకు 10 లక్షల పాలసీ, ఒక కాలు, 5 లక్షలు. వాళ్లు చెప్పింది కరెక్టే బాబూ. కోపం తెచ్చుకోకు. దీని మీద ఆంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారి) దాకా వెళ్లినా వచ్చేది ఏమీ లేదు, టైం దండగ.

ఎల్ఐసీ వైకల్య రైడరు (పాలసీకి అదనంగా తగిలించే కవరు) ఉంటే దాని దారి వేరు. పూర్తి శాశ్వత వైకల్యం అయితేనే, ఆ మొత్తాన్ని పదేళ్లపాటు నెలవాయిదాలుగా ఇస్తారు, ముందు ముందు కట్టాల్సిన ప్రీమియం మాఫీ చేస్తారు. ఒక కాలికి అది రాదు. ఆశ పెట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయం. నీ పాలసీ షెడ్యూల్లో టీటీడీ అని ఉందేమో చూడు. ఇంకా ‘పూర్తి పరిష్కారంగా ముట్టింది’ అని వోచరు మీద సంతకం పెట్టలేదు కదా?

ఆటోనగర్_చిన్నోడు · ఉదయం 7:31

సంతకం పెట్టలేదు. మాస్టారూ, నవ్వకండి. ఏడో పేజీలో టీటీడీ అని పెద్దక్షరాల్లో ఉంది. తిరుపతి దేవస్థానానికి ఏదో విరాళం కట్ చేస్తారు కాబోలు అనుకుని ఆ పేజీ తిప్పేశా. ‘వారానికి బీమా మొత్తంలో 1 శాతం, గరిష్ఠంగా రూ.5,000, 100 వారాల వరకు’ అని ఉంది.

కృష్ణలంక_వాసి · ఉదయం 7:40

😂 ఏడుకొండలవాడే చూపించాడు అనుకో.

పాలసీ_మాస్టర్ · ఉదయం 7:55

టెంపరరీ టోటల్ డిసేబుల్‌మెంట్. అంటే దెబ్బ తగిలి పనికి పోలేని వారాలకి ఇచ్చే కూలీ అనుకో. 10 లక్షల్లో 1 శాతం 10 వేలు అయినా మీ పాలసీలో గరిష్ఠం 5 వేలే. నాలుగు నెలలంటే 17 వారాలు, 85 వేలు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర ‘ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పనికి పోగల స్థితి లేదు’ అని రాయించుకో. అన్నయ్య మళ్లీ ఏ పనిలోకి వెళ్లినా ఆ రోజుతో ఇది ఆగుతుంది. కాబట్టి తేదీలు నిజాయితీగా రాయండి. వోచరు మీద సంతకం ఇది తేలాకే.

ఇంకో రెండు చూడు. అన్నయ్య బ్యాంకు పాస్‌బుక్కులో మే నెలాఖర్లో 20 రూపాయలు పోయిందా? అది ప్రధానమంత్రి సురక్షా బీమా. ఒక కాలు పోతే లక్ష. రెండోది, ఆ రాత్రి అన్నయ్య నడిపింది సొంత బండేనా? ఆర్సీ అన్నయ్య పేరునే ఉందా? లైసెన్సు ఉందా?

నీ యాక్సిడెంట్ పాలసీ, సురక్షా బీమా, బండి పాలసీ, ఈ మూడూ వేర్వేరు. ఆసుపత్రి బిల్లు రెండు చోట్ల వసూలు చేసుకోలేం గానీ, ప్రమాద బీమా ఎన్ని ఉంటే అన్నీ ఇస్తాయి.

మిర్చియార్డు_గుమస్తా · ఉదయం 9:12

గుంటూరు నుంచి. పింఛను వచ్చాక నిశ్చింత అనుకోకండి, నా అనుభవం చెప్తా. నాకు చిన్నప్పటి పోలియో, ఎడమకాలు. 2010 ప్రాంతంలో సదరంలో 45 శాతం ఇచ్చారు. ఏళ్ల తరబడి పింఛను తీసుకుంటూనే యార్డులో చిట్టాలు రాస్తున్నా. ఎవరూ ఏమీ అనలేదు. 2025లో అందరికీ మళ్లీ పరీక్షలు పెట్టారు కదా, మా దగ్గరి ఆసుపత్రికి పిలిచారు. పొద్దున ఏడింటికి వెళ్తే మధ్యాహ్నం రెండున్నరకి పిలుపొచ్చింది. టేపు పెట్టి తొడ కొలిచారు, నడవమన్నారు, నాలుగు నిమిషాల్లో అయిపోయింది. ఆగస్టులో నోటీసు: 38 శాతం. పోలియో కాలు యాభై ఏళ్లలో పెరిగిందో ఏమో!

అప్పీలు పెట్టుకున్నా. రెండోసారి వేరే డాక్టరు కీలు, కండరం విడివిడిగా చూసి 44 వేశారు. ఈ గొడవంతా ఎందుకంటే, కొందరు దొంగ సర్టిఫికెట్లు చేయించుకున్నారు, ఆ పాపం మాలాంటి వాళ్లకి చుట్టుకుంది. ‘శాతం పెంచిస్తాం, ఇంత ఇవ్వండి’ అనే బ్రోకర్లు ఆసుపత్రి గేటు దగ్గరే ఉంటారు. మీ అన్నయ్యకి వాళ్ల అవసరం లేదు, కాలు లేనిది కళ్లకి కనపడుతుంది.

క్లెయిమ్_కింగ్_99 · ఉదయం 9:30

[ఈ పోస్టును తొలగించాం. ప్రకటనలకి, ‘15 శాతం కమిషన్’ బేరాలకి ఇక్కడ చోటు లేదు. – నిర్వాహకులు]

ఆటోనగర్_చిన్నోడు · సాయంత్రం 6:44

పాస్‌బుక్ ప్రింట్ చేయించి చూశా. మే 29, పీఎంఎస్‌బీవై, 20.00. ఆ లైను పైన గ్యాస్ సబ్సిడీ, కింద ఏటీఎంలో తీసిన 500. అంత చిన్న లైను చూసి వదిన ఏడ్చేసింది.

బండి అన్నయ్యదే, లైసెన్సు ఉంది. బండి పాలసీ దొరకలేదు, సీటు కింద ఉండేది, బండి ఇంకా స్టేషన్లోనే ఉంది.

పాలసీ_మాస్టర్ · సాయంత్రం 7:10

పాలసీ కాగితం కోసం స్టేషన్ చుట్టూ తిరగొద్దు. బండి నంబరుతో వాహన్ సైట్లో కంపెనీ పేరు తెలుస్తుంది, కంపెనీకి ఫోన్ చేస్తే కాపీ మెయిల్ చేస్తారు. అందులో ‘ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ 15 లక్షలు’ అన్న లైను ఉందా లేదా, అదే చూడాలి. కొత్త బండి కొన్నప్పుడు థర్డ్ పార్టీ ఐదేళ్లకి ఇస్తారు గానీ ఈ కవరు చాలామందికి ఒక్క ఏడాదికే ఉంటుంది. తర్వాత ఎవరూ పట్టించుకోరు. ఉంటే మాత్రం ఒక కాలికి సగం, ఏడున్నర లక్షలు. ప్రార్థన చేసుకో.

ఆటోనగర్_చిన్నోడు · మంగళవారం, మధ్యాహ్నం 1:26

ఉంది!!! పోయిన సంవత్సరం రెన్యువల్‌లో షెడ్డు ఓనరు గారి అబ్బాయి కట్టించాడట, అన్నయ్యకే తెలీదు. కానీ నాలుగు నెలలు దాటింది, ఆలస్యం అన్న వంకతో తిరగ్గొడతారా?

పాలసీ_మాస్టర్ · మధ్యాహ్నం 1:40

ఇవాళే రాతపూర్వకంగా తెలియజేయి. ఎందుకు ఆలస్యమైందో రెండు ముక్కల్లో రాయి: ఆసుపత్రిలో ఉన్నాడు, కాగితం స్టేషన్లో ఉంది. నిజమైన క్లెయిమ్‌ని కేవలం ఆలస్యం పేరుతో కొట్టేయొద్దని బీమా నియంత్రణ సంస్థ 2011లోనే కంపెనీలకి సర్క్యులర్ పంపింది. అయినా కొట్టేస్తే ముందు కంపెనీకే ఫిర్యాదు, నెల చూడు, తర్వాత హైదరాబాద్‌లోని ఆంబుడ్స్‌మన్. మన రాష్ట్రం కూడా ఆయన కిందే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి.

కోర్టు_గుమస్తా_గుంటూరు · రాత్రి 8:15

అందరూ అన్నీ చెప్పారు, టిప్పర్ వాడి సంగతి ఎవరూ ఎత్తలేదేమిటండీ? ఎం.వి.ఓ.పి. (ప్రమాద పరిహారం కోసం కోర్టులో వేసే కేసు) వేశారా? ఎఫ్ఐఆర్‌లో టిప్పర్ నంబరు ఉందా? ప్రమాదం జరిగిన 6 నెలల్లో వేయాలని 2022 ఏప్రిల్ నుంచి గడువు పెట్టారు. మీకు నాలుగు నెలలు అయిపోయింది. రేపే లాయరుని కలవండి.

పాలసీ మాస్టారు చెప్పిన టేబుల్ కోర్టులో చెల్లదు. ఒక కాలికి సగం అన్న లెక్క ఉండదు అక్కడ. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదీ: ఒంటికి ఎంత శాతం వైకల్యం అన్నది ఒకటి, దానివల్ల సంపాదన ఎంత పోయింది అన్నది ఇంకొకటి. చేతులతో పనిచేసేవాడికీ ఆఫీసులో కూర్చునేవాడికీ అదే దెబ్బ ఒకలా ఉండదు. మీ అన్నయ్య లారీ బాడీ ఎక్కి, నిచ్చెన మీద నిలబడి వెల్డింగ్ చేసేవాడు. సదరంలో 60 వేసినా సంపాదన నష్టం అంతకంటే ఎక్కువని వాదించొచ్చు. షెడ్డు ఓనరుని సాక్షిగా తీసుకెళ్లండి. జీతం నగదుగా చేతికి ఇచ్చేవాడైతే ఆయన నోటితో చెప్పాలి.

మీరు ప్రీమియం కట్టి తెచ్చుకున్న బీమా డబ్బుని ఈ పరిహారంలోంచి తగ్గించమని టిప్పర్ బీమా కంపెనీ లాయరు అడుగుతాడు, ప్రతిసారీ అడుగుతాడు. 1998లోనే హెలెన్ రెబెల్లో కేసులో జీవిత బీమా డబ్బు తగ్గించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. అది చనిపోయిన కేసు, సూత్రం మాత్రం ఇక్కడా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక. కోర్టులో ‘అడుగు తీసి అడుగు వేయలేడు’ అని, ఇంకో చోట ‘మామూలుగా దుకాణం నడుపుతున్నాడు’ అని రెండు రకాలుగా రాయకండి. అవతలి లాయరు క్రాస్ ప్రశ్నల్లో ఫోటో చూపిస్తాడు. పోయిన నెల ఒకాయన మంచం మీద నుంచి లేవలేనని వాంగ్మూలం ఇచ్చి, ప్రభల తీర్థంలో ప్రభ మోస్తున్న ఫోటోతో దొరికిపోయాడు. ఎక్కడైనా ఒకటే మాట: వెల్డింగ్ చేయలేడు, కూర్చుని చేసే పని దొరికితే చేస్తాడు. నిజం కూడా అదే కదా.

గుంటూరు_టు_డల్లాస్ · రాత్రి 8:50

నేను మొన్న రాసింది వెనక్కి తీసుకుంటున్నా. మన ఊళ్లో సిస్టమ్ ఇంత ఉందని నాకే తెలీదు. బ్రాడీపేటలో మా నాన్నగారి పాస్‌బుక్కులో ఆ 20 రూపాయలు ఉందో లేదో చూడమని ఇప్పుడే ఫోన్ చేశా. 70 దాటితే రాదంటగా, ఆయనకి 68.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:30

నాకు అంకెలు కనపడితే చేయి ఆగదు. మన్నించాలి.

అన్నీ వస్తే: పాలసీ 5 లక్షలు, వారాల డబ్బు 85 వేలు, బండి పాలసీ ఏడున్నర లక్షలు, సురక్షా బీమా లక్ష. మొత్తం 14.35 లక్షలు. కోర్టు డబ్బు ఇప్పట్లో రాదు, వదిలేద్దాం. బాబూ, అప్పు ఎంత ఉంది? వదిన ఏమైనా సంపాదిస్తుందా?

ఆటోనగర్_చిన్నోడు · రాత్రి 9:36

మొదటి రెండు రోజులు ప్రైవేటు ఆసుపత్రి, బంగారం పెట్టి తెచ్చింది, అంతా కలిపి 1.85 లక్షలు. వదిన మిషను కుడుతుంది, నెలకి 4,500 దాకా.

లెక్కల_మాస్టారు · రాత్రి 9:52

అయితే మిగిలేది సరిగ్గా పన్నెండున్నర లక్షలు. 7 శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 87,500, నెలకి 7,290. వదిన 4,500 కలిపితే 11,790. పింఛను హద్దు 12 వేలు. ఇంకా 210 రూపాయలు చోటుంది. ఒక జాకెట్టు ఎక్కువ కుట్టొద్దని చెప్పండి 😀

సచివాలయం_ఉద్యోగిని · రాత్రి 10:08

మాస్టారూ, అంత రూపాయికి రూపాయి ఎవరూ చూడరు. కానీ మీరు నవ్వుతూ అన్నా అసలు ప్రమాదం అక్కడే ఉంది. డబ్బు రావడం వల్ల పింఛను పోదు. వచ్చిన డబ్బుతో చేసే పనుల వల్ల పోతుంది. మా వార్డులో ఒకాయన క్లెయిమ్ డబ్బుతో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు, ఆసుపత్రికి తిరగడానికని. నిజంగా అవసరమే. కానీ కారు ఆయన పేరున రిజిస్టరైంది, జాబితాలోంచి పేరు ఎగిరిపోయింది. ఇంకొకళ్లు పైన ఒక పోర్షను వేసి మీటరు విడిగా తీసుకోలేదు, ఏసీ పెట్టారు, కరెంటు 300 దాటింది.

ఫిక్సెడ్ డిపాజిట్ సంగతి కూడా వినండి. ఒకే బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు దాటితే టీడీఎస్ (ముందుగానే కోసే పన్ను) పట్టుకుంటారు. అప్పుడు రీఫండ్ కోసం రిటర్ను వేయాలి, అది చూసి ‘ఇన్‌కమ్‌టాక్స్ కట్టేవాళ్లు’ అని ఎక్కడో టిక్కు పడితే, కాదని నిరూపించుకోవడానికి సోమవారం సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సుకి తిరగాలి. మీ ఆదాయానికి టాక్సే లేదు. టీడీఎస్ పట్టుకోవద్దని ముందే బ్యాంకులో డిక్లరేషన్ ఫారం ఇచ్చేయండి, లేదా రెండు చోట్ల పెట్టుకోండి.

మిర్చియార్డు_గుమస్తా · రాత్రి 10:15

మంచి మాట అమ్మా. నా తరఫున ఒకటి: ప్రతి కాగితం మూడు జిరాక్సులు, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. ఎఫ్ఐఆర్, డిశ్చార్జ్ సమ్మరీ, ఎక్స్‌రే, సదరం. ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, చూపించి వెనక్కి తీసుకో.

ఆటోనగర్_చిన్నోడు · ఆరు వారాల తర్వాత, శనివారం, సాయంత్రం 5:20

చాలామంది ప్రైవేటు మెసేజీలు పెట్టారు, అందుకే ఇక్కడే రాస్తున్నా.

సదరం అయింది, 60 శాతం, పర్మనెంట్ సర్టిఫికెట్. పింఛను దరఖాస్తు సచివాలయంలో ఇచ్చాం. కేసు గడువులోపే వేశాం. సురక్షా బీమా లక్ష పడింది. వారాల డబ్బు 85 వేలు అడిగితే 60 వేలకి ఒప్పుకున్నారు, ‘12 వారాల తర్వాత గాయం మానింది’ అట. గాయం మానితే కాలు వస్తుందా అని అన్నయ్య అడిగాడు. చాన్నాళ్ల తర్వాత ఆయన నోటి నుంచి వచ్చిన మాట అది. మిగతా ఐదు వారాల కోసం డాక్టరు లెటర్ పెట్టి మళ్లీ రాశాం, బీమా నియంత్రణ సంస్థ ఫిర్యాదుల సైటు బీమా భరోసాలో కూడా నమోదు చేశా.

బండి పాలసీ ఇంకా రాలేదు. వాళ్ల ఇన్వెస్టిగేటర్ ఇంటికొచ్చాడు. కుర్రాడే, కూర్చుని మంచినీళ్లు తాగి, లైసెన్సు ఫోటో తీసుకుని, కాలు చూపించమన్నాడు. అన్నయ్య లుంగీ పైకి తీశాడు. ఆ అబ్బాయి ఫోన్ ఎత్తాడు గానీ ఫోటో తీయడానికి కాసేపు పట్టింది. వెళ్తూ ‘నేను రాస్తానండీ’ అన్నాడు.

షెడ్డు ఓనరు గేట్లు, గ్రిల్స్ బల్ల మీద పెట్టి అతికే పని ఇస్తానన్నాడు, కూర్చుని చేసేది. జైపూర్ కాలు వచ్చాక వెళ్తాడట. అలా వెళ్లినా ఏం పోదు కదా మాస్టారూ?

పాలసీ_మాస్టర్ · సాయంత్రం 6:02

వారాల డబ్బు ఆ రోజుతో ఆగుతుంది, అంతే. వెళ్లే తేదీ లాయరుకి ముందే చెప్పు.

సచివాలయం_ఉద్యోగిని · సాయంత్రం 6:30

కుటుంబ ఆదాయం 12 వేల హద్దు మాత్రం గుర్తుంచుకోండి. పనికి వెళ్లడం తప్పు కాదు.

భవానీపురం_అమ్మాయి · రాత్రి 9:14

నేను కొత్త సభ్యురాలిని. మా నాన్న లారీ క్లీనరు. ఆ 20 రూపాయలు కట్ అవ్వాలంటే బ్యాంకులో ఏం అడగాలి? ఇప్పుడు కట్టించుకోవచ్చా, మే దాకా ఆగాలా?

పాలసీ_మాస్టర్ · రాత్రి 9:20

ఆగకమ్మా. ‘సురక్షా బీమా ఫారం ఇవ్వండి’ అని అడుగు, ఒక్క పేజీయే. ఇప్పుడు చేరినా మే 31 దాకానే నడుస్తుంది, తర్వాత ఏటా దానంతట అదే కట్ అవుతుంది. అకౌంట్లో మే నెలాఖరుకి ఓ 20 రూపాయలు మాత్రం ఉంచమను.